సంతకం పెట్టి గెలిచిన మనిషి

ఇరాన్ గురించి మాట వచ్చినప్పుడు మనవాళ్లలో చదువరులు మొదట ఎత్తే పేరు మొహమ్మద్ మొసద్దెగ్. చమురును జాతీయం చేసిన ప్రధాని, 1953లో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కలిసి కూలదోసిన ప్రధాని. ఆయనంటే నాకూ గౌరవమే. కానీ ఆ పేరు విన్న ప్రతిసారీ నేను ఇంకో పేరు చెబుతాను: అహ్మద్ కవామ్. వినేవాళ్లు ఎన్నడూ వినని పేరు విన్నట్టు చూస్తారు. నా బాధంతా అక్కడే ఉంది. స్టాలిన్ సైన్యం వచ్చి తిష్ఠ వేసిన నేలను, ఆ సైన్యంతో యుద్ధం చేయకుండా, ఒక్క అంగుళం వదులుకోకుండా వెనక్కు తెచ్చిన మనిషి ఆయన. ఓడిపోయిన మొసద్దెగ్ లోకానికి గుర్తున్నాడు, గెలిచిన కవామ్ గుర్తు లేడు. ఇది అన్యాయమని నా వాదన. ఆ అన్యాయంలో కవామ్ చేజేతులా చేసుకున్నది ఎంతో కూడా దాచకుండా చెబుతాను.

టెహ్రాన్ నడిబొడ్డున సీ-యే-తీర్ అనే వీధి ఉంది. ఇరాన్ పంచాంగంలో తీర్ నెల ముప్పయ్యో రోజు అని ఆ మాటకు అర్థం. మన లెక్కలో అది 1952 జులై 21. ఆ రోజు జనం సైన్యానికి ఎదురునిలిచి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోగొట్టుకుని, గద్దెనెక్కి వారమైనా కాని ఒక ప్రధానిని దింపేశారు. ఆ ప్రధాని కవామ్. అదే వీధిలో, తోట మధ్యన, ఇటుకలనే అల్లికలా పేర్చి కట్టిన రెండంతస్తుల భవనం ఉంది. ఇప్పుడది గాజు, పింగాణీ పాత్రల మ్యూజియం. ఒకప్పుడు అది కవామ్ ఇల్లు. అప్పట్లో ఆ వీధిని కూడా ఆయన బిరుదుతోనే కవాముస్సల్తనే వీధి అనేవారు. తన ఇంటి ముందు దారికి తన పతనం జరిగిన తేదీయే పేరుగా నిలిచిన నాయకుడు నాకు తెలిసినంతలో మరొకరు లేరు.

నన్ను కవామ్ దగ్గరికి చేర్చింది రాజకీయం కాదు, చేతిరాత. మా తాతగారి పెట్టెలో నిజాం కాలంనాటి భూమి దస్తావేజు ఒకటి ఉండేది. పసుపుపచ్చగా మారి, మడతల దగ్గర చిరుగులు పట్టిన కాగితం. ఉర్దూ అక్షరాలు వచ్చినవాళ్లు కూడా దాన్ని చదవలేకపోయారు. చివరికి పక్క ఊళ్లో ఉద్యోగ విరమణ చేసిన ఉర్దూ మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, "ఇది షికస్తా" అన్నారు. షికస్తా అంటే విరిగినది. కలవకూడని అక్షరాలు అందులో కలిసిపోతాయి, ఉండవలసిన చుక్కలు ఉండవు, పంక్తి ఎడమ కొసకు వచ్చేసరికి మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పైకి లేస్తాయి. "కలం ఎత్తకుండా రాసే రాత నాయనా ఇది. రాసినవాడి మనసు పట్టుకుంటేగాని చదవలేం" అన్నారాయన. ఆ దస్తావేజు చదవడానికి ఆయనకు రెండు పూటలు పట్టింది.

చాలా ఏళ్ల తరువాత ఇరాన్ రాజ్యాంగ ఫర్మానా ఫోటో చూశాను. అదే విరిగిన రాత. 1906 ఆగస్టు 5న ఖజార్ వంశపు రాజు ముజఫ్ఫరుద్దీన్ షా తన ప్రజలకు మజ్లిస్‌ను, అంటే పార్లమెంటును, ఇస్తున్నట్టు ప్రకటించిన పత్రం అది. దాన్ని స్వహస్తాలతో రాసింది ఆస్థానంలో కార్యదర్శిగా ఉన్న ముప్పైలలోని యువకుడు. ఆ యువకుడే కవామ్. ఆయన యాభై ఏళ్ల రాజకీయ జీవితం ఆ కాగితం చుట్టూ తిరిగిందని నేను నమ్ముతాను. మజ్లిస్‌ను డాలుగా పట్టుకున్న రోజున స్టాలిన్‌ను నిలువరించాడు. దాన్ని పక్కన పెట్టిన రోజున సొంత జనం చేతిలో పడిపోయాడు.

తొలిదశ గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. పెద్దింటి బిడ్డ. అన్న వొసూఖుద్దౌలే 1919లో ఇరాన్ సైన్యాన్నీ ఖజానానూ బ్రిటిష్ సలహాదారుల చేతికి అప్పగించే ఒప్పందం చేసుకుని, అందుకు లంచం పుచ్చుకున్నాడన్న మచ్చతో దేశమంతటా చెడ్డపేరు మూటగట్టుకున్నాడు. 1921లో టెహ్రాన్‌లో సైనిక కుట్ర జరిగినప్పుడు తమ్ముడు కవామ్ ఖొరాసాన్ గవర్నరు. కొత్త ప్రధాని ఆయనను మషద్‌లో అరెస్టు చేయించి రాజధానికి తెప్పించి జైల్లో పెట్టాడు. మూడు నెలల్లో ఆ ప్రధాని పడిపోయాడు. కవామ్ జైలు నుంచి నేరుగా ప్రధాని పీఠం ఎక్కాడు. ఆ మంత్రివర్గంలో ఆర్థికమంత్రి ఎవరో కాదు, మొసద్దెగ్. తరువాతి చరిత్రలో ఎదురుబొదురుగా నిలబడిన ఇద్దరూ అప్పుడు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

ఉత్తరాన రష్యా, దక్షిణాన బ్రిటన్, మధ్యలో నలిగిపోతున్న ఇరాన్. అన్న బ్రిటన్ వైపు ఒరిగిపోతే, తమ్ముడు మూడో బలాన్ని పిలుచుకొచ్చి ఆ ఇద్దరినీ దూరం పెట్టాలనుకున్నాడు. ఉత్తర ప్రాంతపు చమురు అమెరికన్ కంపెనీలకు ఇవ్వజూశాడు. రష్యా, బ్రిటన్ రెండూ అడ్డుపడ్డాయి. 1921 సైనిక కుట్ర నడిపిన, తరువాత రజా షాగా గద్దెనెక్కిన రజా ఖాన్ 1923లో ఆయన మీద హత్యాకుట్ర నేరం మోపి దేశం దాటించాడు. ఏళ్ల తరువాత తిరిగి రానిచ్చినా రాజకీయంలోకి రానివ్వలేదు. కాస్పియన్ సముద్రం దగ్గర లాహీజాన్‌లో తేయాకు తోట చూసుకుంటూ ఆయన రజా షా కాలమంతా గడిపాడు. 1941 ఆగస్టులో సోవియట్, బ్రిటిష్ సైన్యాలు దేశాన్ని ఆక్రమించి రజా షాను సాగనంపాకనే కవామ్‌కు మళ్లీ తలుపు తెరుచుకుంది. 1942లో ప్రధాని అయితే, ఆ డిసెంబరులో రొట్టె దొరకని జనం తిరగబడి ఆయన ఇంటిని లూటీ చేశారు.

ఇక 1946. నేను ఈ వ్యాసం రాస్తున్నదే ఆ ఏడాది కోసం.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఆరు నెలల్లో విదేశీ సైన్యాలు ఇరాన్‌ను ఖాళీ చేయాలని 1942 జనవరి ఒప్పందంలో ఉంది. ఆ గడువు 1946 మార్చి 2. బ్రిటన్, అమెరికా వెళ్లిపోయాయి. సోవియట్ సైన్యం కదలలేదు. దాని నీడలో తబ్రీజ్‌లో పీషెవరి నాయకత్వాన ఇరాన్ వాయవ్య ప్రాంతమైన అజర్‌బైజాన్‌కు స్వయంపాలన ప్రభుత్వం, మహాబాద్‌లో ఖాజీ మొహమ్మద్ నాయకత్వాన కుర్దుల గణతంత్రం అప్పటికే వెలిశాయి. ఇరాన్ సైన్యం అటువైపు పోబోతే ఎర్రసైన్యం దారిలోనే ఆపేసింది. వీటి వెనుక మాస్కోకు ఉత్తర ప్రాంతపు చమురు మీద కన్ను. జనవరి చివర్లో మజ్లిస్ వెంట్రుకవాసి ఆధిక్యంతో కవామ్‌ను ప్రధానిని చేసింది. మరో మూడు వారాలకు, డెబ్బై దాటిన ఆ మనిషి స్టాలిన్‌తో మాట్లాడటానికి మాస్కో విమానం ఎక్కాడు.

ఆయన చేతిలో ఏముందో ఆలోచించండి. ఎర్రసైన్యం ముందు నిలవగల సైన్యం లేదు. డబ్బు లేదు. వెనుక నిలబడిన షా, అంటే రజా షా కొడుకు, పాతికేళ్ల కుర్రవాడు, పైగా కవామ్ అంటే గిట్టనివాడు. మార్చి 2 గడువు దాటిననాటికి కవామ్ ఇంకా మాస్కోలోనే ఉన్నాడు. ఆయన అక్కడ ఉండగానే తమ సైన్యం కొన్ని ప్రాంతాల్లో కొనసాగుతుందని సోవియట్ ప్రభుత్వం ప్రకటించింది. ఇంటికొచ్చిన అతిథికి అంతకు మించిన అవమానం ఏముంటుంది? ఆయన అలిగి రాలేదు, ఊగిపోలేదు. ఆయన దగ్గర ఉన్నవి రెండే రెండు చట్టాలు.

మొదటిది 1944 డిసెంబరులో మొసద్దెగ్ పట్టుబట్టి చేయించిన చట్టం: మజ్లిస్ అనుమతి లేకుండా ఏ ప్రధానీ ఏ మంత్రీ విదేశీయులకు చమురు హక్కులు ఇవ్వడానికి బేరాలాడకూడదు, ఆడితే జైలు. రెండోది విదేశీ సైన్యం దేశంలో ఉండగా ఎన్నికలు జరపకూడదన్న చట్టం. ఉన్న మజ్లిస్ గడువు మార్చి నెల మధ్యకు రాకముందే తీరిపోతుంది. కవామ్ ఈ రెంటినీ కలిపి ముడి వేశాడు. మీకు చమురు కావాలంటే మజ్లిస్ ఆమోదించాలి. మజ్లిస్ ఉండాలంటే ఎన్నికలు జరగాలి. ఎన్నికలు జరగాలంటే మీ సైన్యం వెళ్లిపోవాలి. నేను సిద్ధమే, చట్టమే నా చేతులు కట్టేసింది. తన నిస్సహాయతనే ఆయన బేరంలో సరుకుగా పెట్టాడు. మొసద్దెగ్ అభిమానులకు నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది ఇదే. మొసద్దెగ్ చేయించిన చట్టాన్ని ఆయుధంగా ఎలా పట్టుకోవాలో చూపినవాడు కవామ్. ఒకరు లేకుండా ఇంకొకరి గొప్పతనం పూర్తి కాదు.

మరోవైపు న్యూయార్క్‌లో కొత్తగా పుట్టిన భద్రతామండలి ముందు ఇరాన్ ఫిర్యాదు ఉంది. మండలి చేపట్టిన మొట్టమొదటి వివాదాల్లో అదొకటి. అక్కడ హొసేన్ అలా అనే ఇరాన్ ప్రతినిధి పట్టు విడవకుండా వాదించాడు. మార్చి 27న సోవియట్ ప్రతినిధి గ్రోమికో సభలోంచి లేచి వెళ్లిపోయాడు. టెహ్రాన్‌లో కవామ్ సోవియట్ రాయబారితో చల్లగా మాట్లాడుతుంటే, న్యూయార్క్‌లో హొసేన్ నిప్పులు కురిపించాడు. ఇద్దరూ కూడబలుక్కుని చేశారా, హొసేన్ తన ప్రధాని మాటను దాటి ముందుకు పోయాడా అన్నది ఇప్పటికీ చర్చే. ఏదైతేనేం, ఆ రెండు స్వరాలూ ఇరాన్‌కు పనికొచ్చాయి.

ఏప్రిల్ 4న కవామ్ సంతకం పెట్టాడు. ఉమ్మడి చమురు కంపెనీ, మొదటి పాతికేళ్లు సోవియట్‌కు 51 శాతం, ఇరాన్‌కు 49 శాతం. సోవియట్ సైన్యం వెళ్లిపోతుంది. అజర్‌బైజాన్ ఇరాన్ సొంత వ్యవహారం. ఇంతవరకు వింటే దేశాన్ని అమ్మేశాడనే అనిపిస్తుంది. ఆనాడు ఎందరో అలాగే అన్నారు. కానీ ఆ పత్రంలో ఒక చిన్న వాక్యం ఉంది: చమురు కంపెనీ ప్రతిపాదన ఏడు నెలల్లోగా కొత్త మజ్లిస్ ఆమోదానికి వెళుతుంది. సైన్యం ముందు పోతుంది, చమురు తరువాత, అదీ మజ్లిస్ ఒప్పుకుంటేనే వస్తుంది. ఆ వరుసలోనే కవామ్ పనితనమంతా ఉంది. మే నెల రెండో వారానికి చివరి సోవియట్ దళం సరిహద్దు దాటింది.

అక్కడితో ఆగలేదు. ఆ వేసవిలో ఆయన తబ్రీజ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాడు. ఆగస్టులో కమ్యూనిస్టులైన తూదే పార్టీ నుంచి ముగ్గురిని మంత్రులుగా తీసుకున్నాడు. లండన్, వాషింగ్టన్ గుండెలు బాదుకున్నాయి. సెప్టెంబరులో దక్షిణాన కష్కాయి తెగ తిరగబడింది. దాన్ని కారణంగా చూపి అక్టోబరులో తూదే మంత్రులను సాగనంపాడు. ఎన్నికల పర్యవేక్షణ పేరుతో డిసెంబరులో అజర్‌బైజాన్‌కు సైన్యాన్ని పంపాడు. డిసెంబరు 12న, సరిగ్గా ఏడాది క్రితం పుట్టిన తేదీనే, తబ్రీజ్ ప్రభుత్వం కూలింది. పీషెవరి సోవియట్ భూభాగంలోకి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది అక్టోబరు 22న చమురు ఒప్పందం మజ్లిస్ ముందుకు వచ్చింది. వ్యతిరేకంగా 102 ఓట్లు, అనుకూలంగా రెండు. ఒప్పందం చెత్తబుట్టలో పడింది. స్టాలిన్ చేతిలో మిగిలింది కవామ్ సంతకం ఒక్కటే.

ఇది కవామ్ ఘనత కాదు, అమెరికా బెదిరింపు ఫలితం అనేవాళ్లున్నారు. తానే స్టాలిన్‌కు గడువు పెట్టి హెచ్చరిక పంపానని అప్పటి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తరువాత చెప్పుకున్నాడు. అలాంటి హెచ్చరిక పత్రం అమెరికా దస్త్రాల్లోనే దొరకలేదు. అమెరికా అండ లేదని నేను అనను, ఉంది, పనికొచ్చింది. కానీ సోవియట్ దస్త్రాలు తెరిచాక బయటపడిన ఒక ఉత్తరం చూడండి. 1946 మే 8న స్టాలిన్ పీషెవరికి సైన్యాన్ని ఎందుకు వెనక్కు పిలిచాడో వివరిస్తూ రాసింది. మన సైన్యం ఇరాన్‌లో ఉంటే ఈజిప్టు నుంచి, గ్రీసు నుంచి బ్రిటన్‌ను పొమ్మని మనం ఎలా అడగగలమంటాడు. ఆపైన, కవామ్‌కూ ఇరాన్‌లోని బ్రిటిష్ పక్షపాతులకూ పడదు, ఆ తగవును వాడుకుని కవామ్ నుంచి రాబట్టుకోవాలి అన్న ధోరణిలో సాగుతాడు. కవామ్‌ను తాను వాడుకుంటున్నానని స్టాలిన్ నమ్మాడు. ఆ నమ్మకం కలిగించడమే కవామ్ మాస్కోలో చేసిన పని. ట్రూమన్ బెదిరించి ఉంటే స్టాలిన్ కదలకపోనూవచ్చు. గౌరవంగా వెళ్లిపోవడానికి, చేతిలో ఏదో ఉందనుకుని వెళ్లిపోవడానికి అతనికి ఒక కాగితం కావలసి వచ్చింది. ఆ కాగితాన్ని కవామ్ ఇచ్చాడు.

రాయబారం అనగానే మనకు కృష్ణుడు గుర్తొస్తాడు. పద్యాలు గుర్తొస్తాయి. కానీ ఆ రాయబారం ఫలించలేదు. సంధి పొసగలేదు కాబట్టే యుద్ధం వచ్చింది, యుద్ధం వచ్చింది కాబట్టే అది కథ అయి మనదాకా వచ్చింది. సంధి కుదిరిపోయి ఉంటే నాటకాల్లో ఆ ఘట్టం ఉండేదే కాదు. కవామ్‌కు జరిగింది అదే. యుద్ధం లేని గెలుపును జనం పాడుకోరు. సంతకం పెట్టినవాడు లొంగిపోయినవాడనీ, కాదని లేచి వచ్చినవాడే వీరుడనీ మనం చిన్నప్పటినుంచి నేర్చుకున్నాం. కాదనడానికి ధైర్యం కావాలి, ఒప్పుకుంటాను. అమ్ముడుపోయాడని దేశమంతా తిడుతుంటే నోరు విప్పి నిజం చెప్పుకోలేని స్థితిలో ఏడాదిన్నర ఓపిక పట్టడానికి కావలసిన ధైర్యం అంతకు తక్కువదేమీ కాదు.

ఇక ఆయన తప్పులు. అజర్‌బైజాన్‌లోకి సైన్యం వెళ్లినప్పుడు జరిగిన హత్యలను నేను తేలిగ్గా దాటలేను. పీషెవరి ప్రభుత్వం సోవియట్ కత్తి నీడన బతికిందన్నది నిజమే. ఆ ఏడాదిలోనే అక్కడి పిల్లలు బడిలో తమ అమ్మభాష తుర్కీలో చదువుకున్నదీ, తబ్రీజ్‌లో విశ్వవిద్యాలయం వెలిసిందీ, ఆడవాళ్లకు ఓటు వచ్చిందీ అంతే నిజం. సైన్యం వచ్చాక ఆ పాఠ్యపుస్తకాలను కుప్ప పోసి తగలబెట్టారు. తెలుగులో చదువు కోసం ఇన్నేళ్లుగా మాట్లాడుతున్న మనం ఆ మంటను చూసి తల తిప్పుకోలేం. 1947 మార్చిలో ఖాజీ మొహమ్మద్‌ను మహాబాద్ కూడలిలో ఉరితీశారు. ఇదంతా కవామ్ ప్రధానిగా ఉండగానే జరిగింది. అలాగే, ఆయన ఎంతగానో ఆధారపడ్డ ఆ మజ్లిస్ ఎన్నికలను ఆయనే ప్రభుత్వ యంత్రాంగంతో తన కొత్త పార్టీకి అనుకూలంగా నడిపించాడు. దానికి నిరసనగా మొసద్దెగ్ రాజప్రాసాదంలో బైఠాయించాడు. అక్కడ మొసద్దెగ్‌దే న్యాయం.

ఇన్ని తప్పులున్నా ఆయన్ను తీసిపారేయలేకపోవడానికి ఇంకో కాగితం కారణం. 1949లో షా రాజ్యాంగాన్ని సవరించుకుని మజ్లిస్‌ను రద్దుచేసే అధికారం తన చేతిలోకి తీసుకున్నాడు. చాలామంది పెద్దలు నోరు మెదపలేదు. విదేశంలో ఉన్న ముసలి కవామ్ షాకు బహిరంగ లేఖ రాశాడు: ఈ అధికారం దేశానికీ మంచిది కాదు, మీ సింహాసనానికీ మంచిది కాదు. 1946 సేవలకు గుర్తింపుగా తానే ఇచ్చిన బిరుదును షా లాగేసుకున్నాడు. 1906లో ఫర్మానా రాసిన చేయి నలభై ఏళ్లు దాటాక ఆ ఫర్మానా తరఫున రాసిన మాటలవి. రాజు ఎదుట ఇంత సూటిగా రాసిన ప్రధానులు ఇరాన్ చరిత్రలో ఎందరున్నారు?

అందుకే 1952 నాకు అంతగా కష్టం కలిగిస్తుంది. జులై 16న, షా యుద్ధశాఖను తనకు ఇవ్వనందుకు అప్పటి ప్రధాని మొసద్దెగ్ రాజీనామా చేశాడు. మరునాడు, మొసద్దెగ్ పక్షం లేని సభలో, కవామ్ ఐదోసారి ప్రధాని అయ్యాడు. ఎనభైకి దగ్గరపడిన వయసు, జబ్బుతో ఉన్న ఒళ్లు. ఆయన తరఫున రేడియోలో ఒక ప్రకటన చదివారు. ఓడ నడిపేవాడు మారాడు, నడిపే తీరూ మారింది అన్న అర్థం వచ్చే పాత కవితా పంక్తి అందులో ఉంది. అవసరమైతే విప్లవ న్యాయస్థానాలు పెట్టి రోజూ వందలమందిని శిక్షిస్తానన్న బెదిరింపూ ఉంది. ఈ ప్రకటన చదివిన ప్రతిసారీ ఇది ఆయన మాటేనా అనిపిస్తుంది. స్టాలిన్ ముందు ఒక్క కఠినమైన మాట అనని మనిషి, తన జనం ముందు ఇలా మాట్లాడాడు. మాస్కోలో మూడు వారాలు చూపిన ఓర్పు టెహ్రాన్‌లో మూడు రోజులు చూపలేకపోయాడు. మతపెద్ద కాషానీ పిలుపునిచ్చాడు, బజారు మూతపడింది, జనం వీధుల్లోకి వచ్చారు, సైనికులు కాల్చారు. 21వ తేదీ సాయంత్రానికి కవామ్ ప్రధాని కాడు. తలదాచుకోవలసి వచ్చింది. ఆయన ఆస్తిని జప్తు చేయాలని ఆయన ఫర్మానా రాసిన మజ్లిసే చట్టం చేసింది. 1953 కుట్ర తరువాత ఆ చట్టాన్ని రద్దు చేశారు. 1955 జులైలో ఆయన చనిపోయాడు.

మొసద్దెగ్‌ను విదేశీయులు పడగొట్టారు, అందుకని ఆయన అమరుడయ్యాడు. కవామ్‌ను సొంత జనం పడగొట్టారు, అందుకని ఆయన పేరు చెప్పుకోవడానికి ఎవరూ మిగలలేదు. షా పక్షానికి ఆయన రాజుకు ఎదురుచెప్పినవాడు. జాతీయవాదులకు తీర్ ముప్పైన నెత్తురు చిందించినవాడు. వామపక్షాలకు తమను వాడుకుని వదిలేసినవాడు. తరువాత వచ్చిన ఇస్లామిక్ గణతంత్రానికి పాత రాజ్యపు పెద్దమనిషి. నాలుగు పక్షాల్లోనూ ఆయనకు చోటు లేదు. ఇరాన్ పటం మాత్రం ఆయన నిలబెట్టిన ఆకారంలోనే ఉంది. తబ్రీజ్ ఇవాళ ఇరాన్‌లో ఉంది. అదే యుద్ధం ముగిసేనాటికి ఎర్రసైన్యం కింద ఉన్న ఎన్ని నేలలకు ఆ భాగ్యం దక్కిందో తూర్పు యూరప్ పటం తీసి చూడండి.

సీ-యే-తీర్ వీధి పేరు మళ్లీ మార్చమని నేను అడగను. ఆ రోజు చనిపోయినవాళ్లకు ఆ పేరు దక్కవలసిందే. తబ్రీజ్‌లో ఆయన పేరు పెట్టమనీ అడగలేను. తగలబడిన పుస్తకాలు గుర్తున్న ఊరు అది. లాహీజాన్‌లో, ఆయన పదవి లేని ఏళ్లు గడిపిన ఆ తేయాకు కొండల దగ్గర, ఒక చిన్న దారికి కవామ్ పేరు ఉంటే చాలు. ఆ పేరును పలక మీద షికస్తాలో రాయించాలి. చదవడానికి కాస్త ఆగవలసి వస్తుంది.